పొగగొట్టం మీది కొంగ ప్రయాణం మానుకుంది

ఇలా దగ్గరికి జరగండి, చేతిలో చెయ్యి వేసి చెప్పాల్సిన మాట. చలికాలం దారి తప్పడం కంటే మేలు మా బల్గేరియాకి ఇంకోటి జరగలేదు!

నమ్మరా? మా పొగగొట్టం మీద గూడు కట్టిన ఎర్రముక్కు కొంగనే అడగండి. ఏటా ఆగస్టు దాటకుండా ఆఫ్రికా ప్రయాణం. ఎన్ని కొండలు, ఎంత ఎడారి! ఇప్పుడో? నవంబరులోనూ మారిత్సా ఏటిగట్టున కప్పలు అరుస్తున్నాయి. ఇక వెళ్లడమెందుకు? కొంగగారి పెళ్లాం వెళ్లింది, ఆయన ఉండిపోయాడు.

నాకెంత లాభమో! గూడు ఖాళీ కాలేదు గనక పొయ్యి వెలిగించే పనే లేదు. కట్టెలు లేవు, బూడిద లేదు. జనవరిలో వాకిట్లో కూర్చుని పెరుగు తిన్నాను. ఆ నెలలో మా అమ్మ పెరుగును గొడ్డలితో పగలగొట్టేది!

ఒక్కటే బెంగ. చలి ఒక్క రాత్రి గట్టిగా పట్టిందా, ఆయన బతకడు.

బాదంచెట్టు పూసిన వారానికి పట్టింది.

పక్కింటి గ్రోజ్దాన్ కంచె మీంచి కేకేశాడు.

"పొయ్యి వెలిగించవే త్సోనక్కా! నువ్వు బిగుసుకుపోతే గొయ్యి తవ్వుదామన్నా నేల కూడా బిగుసుకుపోయింది!"

"వెలిగిస్తే పైనున్నాయనకి పొగ కమ్మదూ?"

"ఓహో! ఈ వయసులో పొడుగుముక్కు మొగుడు దొరికాడన్నమాట!"

"వాగింది చాలుగానీ నిచ్చెన పట్రా."

రెక్కలు కొయ్యబారిపోయిన పక్షిని దించి వంటింట్లో పెట్టాం. అప్పుడు పొయ్యి వెలిగించాను. ఆయన పుణ్యమా అని నాకూ కాస్త వేడి తగిలింది. రెండోనాటికి లేచి గ్రోజ్దాన్ చెవి పొడిచాడు. బతికాడని అలా తెలిసింది!

ఇంతలో మార్చి ఒకటి వచ్చింది. ఆ రోజు ముంజేతికి ఎరుపూ తెలుపూ దారం కట్టుకుంటాం. ఆ ఏటి తొలి కొంగ కనబడగానే విప్పి, పూలకొమ్మకు కట్టి, ఏదో ఒకటి కోరుకుంటాం. చిన్నప్పుడు మూడేసి వారాలు మెడలు నొప్పెట్టేలా ఆకాశం చూసేవాళ్లం. ఎంత టైము వేస్టు!

ఈసారి గ్రోజ్దాన్ నాకు ముడి వేస్తూ వేస్తూనే పొయ్యివైపు చూశాడు. "అదుగో కొంగ! విప్పెయ్యక్కా, కోరుకో!"

"దేనికి కట్టనురా? పూలన్నీ ఆ చలికి మాడిపోయాయిగా. చేపలు మేపి నేను బతికించినదాన్ని చూసి ఏం కోరుకోను?"

విప్పలేదు. ఏప్రిల్ సగమైంది, దారం మసిబారింది. ఆయన మళ్లీ గూటికెక్కాడు. పెళ్లాం ఇంకా రాలేదు. పైన ఆయన, కింద నేను, ఇద్దరం దక్షిణంవైపే చూస్తున్నాం.

మీరు మాత్రం మరిచిపోకండి. మీ పిల్లలకు చెప్పండి, వాళ్ల పిల్లలకూ చెప్పమనండి: మా ఊళ్లో కొంగంటే ఉండే పక్షి కాదు, వచ్చే పక్షి.