మనిషి బయల్దేరాడు

ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో దాచడం బ్రహ్మవిద్యేం కాదు. పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయటపడాలి, సాయంత్రం ఆరింటికి అలిసిపోయిన మొహంతో తిరిగి రావాలి. ఆ మొహం నాకు పుట్టుకతోనే ఉంది కాబట్టి సగం పని తేలిక. అసలు చిక్కంతా ఆరుంపావుకి. మా ఆవిడ కాఫీ చేతికిచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇవాళ ఆఫీసులో ఏం జరిగింది?" అని అడిగేది.

మీరు స్నేహితులు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేను ఎటూ నవ్వులపాలైనవాణ్ణే.

నాది లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు ఎర్ర మీట నొక్కుతారు చూడండి, అది మోగేది నా బల్ల మీద. "కంగారు పడకండి. మనిషి బయల్దేరాడు." పంతొమ్మిదేళ్లు ఈ రెండు ముక్కలే అన్నాను. ఆ బయల్దేరిన మనిషి చాలాసార్లు నా పక్కనే టీ తాగుతుండేవాడు. అయినా నా గొంతు వినగానే ఏడ్చేవాళ్లు ఏడుపాపేవారు, తిట్టేవాళ్లు 'అండీ' అనేవారు.

మా మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు మెత్తకత్తి. కోసేటప్పుడు నొప్పి తెలియనివ్వడు. ఒకరోజు పిలిచి, నా గొంతులో ఏదో ధైర్యం ఉందనీ, కొత్తగా చేరేవాళ్ల శిక్షణకి నాలుగు మాటలు రికార్డు చేద్దామనీ అన్నాడు. నేను పొంగిపోయి పదకొండు వాక్యాలు చదివిచ్చాను. నెల తిరిగింది. కొత్తవాళ్లెవరూ చేరలేదు. నా గొంతు చేరింది, నేను అక్కర్లేకపోయాను. ఆరు నెలల జీతం మామూలుగా పడేట్టు ఏర్పాటు చేసి, మెత్తకత్తి మెట్ల దాకా వచ్చి మరీ సాగనంపాడు.

చెప్పేద్దామనే ఇంటికొచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే మా ఆవిడ ఫోన్లో తమ్ముడితో అంటోంది, "మీ బావ ఉన్నంతకాలం నాకేం బెంగ లేదురా" అని. ఆ మాట విన్నాక చెప్పులు మూల పెట్టి లోపలికి పోయాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు నాలుగు నెలలు సాగింది.

పగలంతా లైబ్రరీలో పత్రికల గదిలో కూర్చునేవాణ్ణి. అక్కడ నాలాంటి ఇస్త్రీ చొక్కాలు మరో నాలుగు ఉండేవి. ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకునేవాళ్లం కాదు. పన్నెండున్నరకి అయిదుగురం ఒకేసారి డబ్బాలు విప్పేవాళ్లం.

కాలక్షేపానికి ఫోన్లో ఒక సీరియల్ పట్టుకున్నాను. పేరు 'తూకం'. కిటికీల్లేని ఒక ఆఫీసు. ఉద్యోగుల బల్లల మీదికి రోజూ సీలు వేసిన పెట్టెలొస్తాయి. వాటిని తూచి, బరువు చీటీ మీద రాసి, గోడలో ఉన్న కంతలోకి తోసెయ్యాలి. లోపలేముందో తెలియదు, అడగకూడదు. పెట్టెలు రోజురోజుకీ కాస్త తేలికవుతుంటాయి. ఇంకో వింత, అందులో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీ. కానీ పొద్దున్నే దాని ముందు ఎవరో వేడి కాఫీ పెట్టి వెళ్తారు, సాయంత్రానికి కప్పు ఖాళీ అవుతుంది. రెండు సీజన్లయినా తీసినవాళ్లు ఒక్క ముడీ విప్పలేదు. ఏముందో వాళ్లకీ తెలియదని నా అనుమానం.

విప్పే పని చూసేవాళ్ల నెత్తిన పడింది. అభిమానుల గ్రూపులో పదివేలమంది, పదివేల థియరీలు. ఆ ఆఫీసు సముద్రం అడుగున ఉందని ఒకాయన వాదన. ఆధారం ఏమిటయ్యా అంటే, మూడో ఎపిసోడ్లో గుమాస్తా తుమ్మాడు. వాళ్లంతా ఎప్పుడో చచ్చిపోయారని ఒకావిడ, ఎందుకంటే ఎవరూ సెలవు అడగరు. ఇదేదో నాకు సరిపడే చోటులా ఉందని 'మూతపడ్డ డబ్బా' అని పేరు పెట్టుకుని నేనూ దిగాను. పెట్టెల్లో ఉన్నవి ఉద్యోగుల గొంతులు, కంపెనీ ముందు గొంతు తీసుకుంటుంది, తర్వాత మనిషిని తీసేస్తుంది అని రాశాను. మూడువేలమంది మెచ్చుకున్నారు. పంతొమ్మిదేళ్లలో ఆఫీసులో నన్ను మెచ్చుకున్నది ఇద్దరే, అందులో ఒకడు మెత్తకత్తి.

ఇక ఆరుంపావు సంగతి. మొదటి నెల పాత ముచ్చట్లతో గడిపాను. పెళ్లికొడుకు లిఫ్టులో ఇరుక్కున్నది, దొంగ ఇరుక్కుని పోలీసులకంటే ముందు నన్ను పిలిచింది, అన్నీ అయిపోయాయి. సరుకు నిండుకునేసరికి 'తూకం' మీద చెయ్యి పడింది. అందులో జరిగేవి మా ఆఫీసులో జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. మా ఆవిడ సీరియళ్లు చూడదు. ఆవిడది కళ్లజోళ్ల దుకాణంలో పని. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల కళ్లు చూసొచ్చాక తన కళ్లు మూసుకుంటే చాలంటుంది. దుకాణం ఉన్నది నాలుగో అంతస్తులో. లిఫ్టంటే హడలు, మెట్లెక్కే పోతుంది. లిఫ్టులవాడి పెళ్లానివై ఉండి ఇదేం ఖర్మ అని నేను వేళాకోళం చేస్తే, "అక్కడ మీరేం చెబుతారో నాకు తెలుసు కాబట్టే ఎక్కను" అనేది.

మొదట్లో నా కథలకి ఊకొట్టేది. రెండు నెలల కిందటి నుంచి మాత్రం ప్రశ్నలు మొదలుపెట్టింది. నా కథనం రక్తి కట్టిందని సంబరపడ్డాను.

"మీ ఆఫీసులో ఆ ఖాళీ కుర్చీలో ఎవరూ కూర్చోరా?"

"కూర్చోరు."

"మరి కాఫీ ఎవరు తాగుతున్నారు?"

"అదే ఎవరికీ తెలియదు."

"తాగేవాడికైనా తెలియాలి కదండీ," అని నా చేతిలో కప్పు తీసుకుని లోపలికి పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రూపులో నాకొక శని దాపురించింది. పేరు 'చత్వారం'. ఎవరో పనీపాటా లేని ముసలాయన అనుకున్నాను. నేనేం రాసినా కింద ఒక చురక. పెట్టెల్లో గొంతులుంటే, ఆ గొంతులు పోయిన మనుషులు ఇంటి దగ్గర ఏం మాట్లాడుతున్నారో డబ్బాగారు సెలవియ్యాలి అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. అయ్యా, తమరికి కళ్లజోడు మార్చే వేళయింది, ముందు అది చూసుకోండి అని వడ్డించాను. రెండు వందలమంది నవ్వారు. మరునాడు మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే అందులో వట్టి రొట్టె, పక్కన ఉప్పు పొట్లం ఉన్నాయి. మా ఆవిడకి ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఉప్పు అద్దుకుని తిన్నాను.

అసలు కొంప అంటుకుంది కిందటి ఆదివారం. మా బామ్మర్ది భోజనానికొచ్చాడు. వాడికి మా ఇంట్లో పేరు క్లైమాక్సు. ఏ కథైనా కొస ముందు చెప్పేస్తే గాని వాడికి అన్నం సహించదు. వాడు 'తూకం' చూస్తాడని నాకు తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ మొదలెట్టాడు, బాసు నడవాకి తాళం వేయించాడనీ, లోపలినుంచి ఎవరో తలుపు కొడుతున్నా తీయొద్దన్నాడనీ.

మెత్తకత్తి మా ఆఫీసులో సరిగ్గా అదే చేశాడని నేను గురువారం నాడు మా ఆవిడకి చెప్పి ఉన్నాను. మాట మార్చడానికి నీళ్లు ఒలకబోశాను. వాడు ఆగలేదు. కూరగిన్నె ఒళ్లోకి బోర్లించుకున్నాను. వాడు కాళ్లు పక్కకి జరుపుకుని చెబుతూనే ఉన్నాడు. మా ఆవిడ గుడ్డ తెచ్చి నా చేతికిచ్చి, "మొన్న గురువారం మీ మేనేజరు చేసిందీ ఇదే కదండీ," అంది.

"బావ ఆఫీసులోనా?" అన్నాడు క్లైమాక్సు.

అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కాని అబద్ధాలవాడికి ఇంకో అబద్ధం ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. ఆ సీరియల్ తీసినవాళ్లు మా ఆఫీసుని చూసే తీశారని అన్నాను. బయటికి చెప్పకూడదని మాచేత సంతకాలు పెట్టించుకున్నారని కూడా కలిపాను.

క్లైమాక్సు ఎంగిలి చేత్తోనే ఫోన్ తీశాడు. మా బావ పనిచేసేదే 'తూకం' ఆఫీసు అని గ్రూపులో పెట్టేశాడు. పళ్లెంలో అన్నం చల్లారేలోపు నాలుగు వందలమంది చిరునామా అడిగారు. సముద్రం అడుగు ఆయన, ఆఫీసులో ఎవరైనా తుమ్ముతారేమో కనుక్కోమన్నాడు. ముప్పైమంది సోమవారం పొద్దున్నే వచ్చి గేటు దగ్గర నిలబడతామన్నారు. మా వాడు నా భుజం మీద చెయ్యేసి, "రేపు నేనూ నీతో వస్తా బావా. ఆ కుర్చీ ఒక్కసారి చూపించు," అన్నాడు.

నా ఎదురుగా మా ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లిందో చూడలేదు. మిక్సీ చప్పుడు గాని గిన్నెల చప్పుడు గాని ఏమీ వినబడలేదు.

ఇంతలో వాడి ఫోన్ మోగింది. "చత్వారం గారు రాశారు బావా. ఈయన చాలా ముదురు," అని పైకి చదవడం మొదలెట్టాడు.

"ఖాళీ కుర్చీ ఉద్యోగం పోయిన మనిషిది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరతాడు. ఆ కాఫీ పెట్టేది కంపెనీ కాదు, ఆయన భార్య. ఆవిడకి రెండు నెలలుగా అంతా తెలుసు. ఆయన నోటితో ఆయనే చెబుతాడని చూస్తోంది. పెట్టెలు తేలికవుతున్నది అందుకే, ఆవిడ నమ్మకం రోజుకింత తరిగిపోతోంది."

క్లైమాక్సు పెదవి విరిచాడు. ఇందులో సైన్సు ఎక్కడుందని అడిగాడు. పైగా పెద్ద లొసుగు ఉందన్నాడు. అంత తెలివైన భార్య అయితే నోరు తెరిచి మొగుణ్ణి అడగొచ్చు కదా అన్నాడు.

"అడుగుతూనే ఉందిరా," అంది మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి. చేతిలో ఫోన్ ఉంది. "రోజూ ఆరుంపావుకి అడుగుతోంది."

వాడు అక్కని చూశాడు, నన్ను చూశాడు, నా ఒళ్లో కూరని చూశాడు. పుట్టి బుద్ధెరిగాక వాడికి ఒక కథ కొస ముందు తెలియకపోవడం అదే మొదలు. చెయ్యి కడుక్కుని, మళ్లీ వస్తానక్కా అని నెమ్మదిగా జారుకున్నాడు.

మేమిద్దరం మిగిలాం. ఆవిడ పళ్లేలు తీయలేదు, కూర్చుంది. అరిచి ఉంటే బాగుండేది. అరుపులకి నేను పంతొమ్మిదేళ్లుగా అలవాటు పడ్డవాణ్ణి.

ఎలా తెలిసిందని అడిగాను.

"నా మోకాలు వాచిన రోజు గుర్తుందా? మెట్లెక్కలేక ఆ రోజు లిఫ్టెక్కాను. మూడో అంతస్తు దాటాక ఆగిపోయింది. లైటు పోయింది. ఎర్ర మీట నొక్కితే మీరు పలికారు."

ఒళ్లో కూర తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టాను.

"మీ గొంతు వినేసరికి ప్రాణం లేచొచ్చింది. నేనేనండీ అన్నాను. కంగారు పడకండి, మనిషి బయల్దేరాడు అన్నారు. ఊపిరాడట్లేదండీ అన్నాను. మళ్లీ అదే అన్నారు. పక్కన ఎవరో ఉండి ఉంటారు, పెళ్లానివని పైకి అనలేక నన్ను 'మీరు' అని పిలుస్తున్నారనుకున్నాను. ముప్పావుగంట చీకట్లో కూర్చుని మీతో మాట్లాడాను. ఇన్నేళ్లలో మీకు చెప్పనివన్నీ చెప్పాను."

"నేను సరిగా జవాబివ్వట్లేదని అనుమానం రాలేదా?"

"ఎందుకొస్తుంది? ఇంట్లోనూ అంతేగా."

తలుపు తెరిచిన మెకానిక్కు నవ్వాడట. ఎవరితోనమ్మా మాట్లాడుతున్నారు, అది రికార్డు, ఆ గొంతాయన్ని తీసేసి రెండు నెలలైంది అన్నాడట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆవిడ కాఫీ కలిపింది. ఆరుంపావుకి ఎదురుగా కూర్చుని, ఆఫీసులో ఏం జరిగిందని అడిగింది. నేను, సీలు వేసిన పెట్టెలొచ్చాయని చెప్పాను. ఆ పెట్టెల సంగతి తమ్ముణ్ణి అడిగితే సీరియల్ పేరు తెలిసింది, గ్రూపు తెలిసింది. కంపెనీ గొంతు తీసుకుని మనిషిని తీసేస్తుందన్న డబ్బాగారు ఎవరో పోల్చుకోవడానికి ఆవిడకి కళ్లజోడు అక్కర్లేకపోయింది.

నాకు ఉద్యోగం పోయినందుకు కాదు ఆవిడ బాధ. పోయిందని తెలిశాక రాత్రంతా ఏడ్చిందట, నా కోసమే. ఆ తర్వాత అరవై సాయంత్రాలు నేను కళ్లలోకి చూస్తూ పెట్టెల కథలు చెబుతుంటే, ఏడుపు ఆగిపోయిందట. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఏడవలేదు.

"లిఫ్టులో ఏం చెప్పావు నాకు?" అన్నాను.

"చెప్పేశాను కదండీ. ఒకసారి చెప్పినవి మళ్లీ చెప్పలేను."

ఎన్నో అనాలనుకున్నాను. సిగ్గేసిందనీ, నీ ఫోన్ మాట విని భయపడ్డాననీ, ఆ లైబ్రరీలో నలుగురి మధ్య డబ్బా విప్పడం ఎలా ఉంటుందో నీకు తెలియదనీ. గొంతు సవరించుకుని నోరు తెరిచాను.

"కంగారు పడకు," అన్నాను.

"మనిషి బయల్దేరాడు, అంతేగా," అంది. "నాలుగు నెలలైందండీ. ఎప్పుడొస్తాడో అది చెప్పండి."

నేను రికార్డు చేసిన వాక్యాలు పదకొండు, అన్నీ ఇప్పటికీ కంఠతా వచ్చు. మొదటి నుంచి చివరిదాకా మనసులో తిరగేశాను. వాటిలో దీనికి జవాబు లేదు.