చెయిన్ సా బాగుపడకూడదు

బాగా పనిచేసే చెయిన్ సా ఇంట్లో ఉండటం దరిద్రం! లీకయ్యేది ఉండటం అదృష్టం. నవ్వకండి. చదివింది ఏడో తరగతే గానీ, మెషీన్ల మధ్య నలభై ఏళ్లు బతికినవాణ్ణి.

మంచి చెయిన్ సా గతి ఏమిటి? పొద్దున్నే ఎవడో చెట్టు కోసుకోవాలని వచ్చి పట్టుకుపోతాడు. పళ్లు అరగదీసి, చెయిన్ వేలాడేసి, ట్యాంకు ఎండగట్టి తెచ్చిస్తాడు. లీకయ్యేదాన్ని ఎవడు అడుగుతాడు? మా దీవిలో, ఈ బతు బస్తీ పేటలో అరువు పోని వస్తువు అదొక్కటే!

పైగా దాని ఉత్సాహం చూడాలి. ఇంజన్ ఇరుసు చుట్టూ పావలా బిళ్లంత రబ్బరు సీలు ఉంటుంది. అది చిట్లితే లోపలికి దొంగగాలి దూరుతుంది. అంతే, మనం ట్రిగ్గర్ వదిలేసినా ఇంజన్ అరుస్తూనే ఉంటుంది. వేలు తీసేశాక కూడా ఇంత కష్టపడే ఉద్యోగిని మీరు ఏ ఆఫీసులోనైనా చూశారా? పక్కకు వంచితే ఠక్కున ఆగిపోతుంది. విశ్రాంతి ఎప్పుడో కూడా దానికే తెలుసు!

అసలు లాభం ఇంకా చెప్పలేదు. చుట్టాలు!

గాలివానకి మా వాకిట్లో పనస చెట్టు పడింది. కోద్దామని తాడు లాగితే చెయిన్ సా ఈ రోగం బయటపెట్టింది. ఆ అరుపు విని ముగ్గురు వైద్యులు పరిగెత్తుకొచ్చి పనస దుంగ మీద కూర్చున్నారు. నలభై రోజులైంది. రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటూనే ఉన్నారు.

డైరీ ఫార్మ్ పేటలో హార్డ్‌వేర్ కొట్టున్న సత్యారావు, "కార్బురేటరే, పక్కా! కళ్లు మూసుకుని మార్చెయ్" అన్నాడు. ఆయన కళ్లు మూసుకునే చెప్పాడు. కార్బురేటర్లు ఆయన కొట్లోనే దొరుకుతాయి.

గోపినాథ్ హార్బర్‌లో గుమస్తా. "ప్లగ్గు ఖరాబ్, భయ్యా. మా బోటుకీ ఇంతే అయింది."

"బోటు బాగైందా?"

"నై. ములిగిపోయింది."

ఆటో నడిపే మణికుమార్‌ది మూడో మాట. "పెట్రోల్లో నీళ్లు కలిసాయి, యర్రయ్య మావా. వాసన సూడు." వాసన చూసి చూసి వాడికే తల తిరిగింది. దుంగ మీదే పడుకోబెట్టాం.

సబ్బు పరీక్ష ఒకటుందని ముగ్గురికీ తెలుసు. ఇంజన్ కన్నాలు సైకిలు ట్యూబు ముక్కలతో మూసి, పంపుతో నెమ్మదిగా గాలి కొట్టి, సబ్బునీళ్లు పూస్తే లీకు దగ్గర బుడగలొస్తాయి. విప్పి పెట్టుకుంటే పది నిమిషాల పని. అందుకే ఎవరూ చేయరు! పది నిమిషాల్లో తేలిపోతే మిగతా సాయంత్రం ఏం చేసుకోవాలి?

నేను మొదటి రోజే చేశాను. క్లచ్ వైపు బుడగలే బుడగలు. "సీలు పోయింది, షిప్ మీద రావాలి" అని చెప్పాను. సీలు సంగతి ఒక్కడూ నమ్మలేదు. షిప్ సంగతికి మాత్రం ముగ్గురూ తలూపారు. ఈ దీవుల్లో షిప్ రావాలి అంటే ఇక ప్రశ్నలుండవు. కుళాయి పైపైనా, పెళ్లికొడుకైనా అంతే.

నాలుగు షిప్పులు వచ్చి పోయాయి. సీలు మొదటి షిప్‌కే వచ్చింది.

వచ్చింది, సబ్బుపొడి డబ్బాలో దాచాను. ఆ ముగ్గురూ జన్మలో ముట్టని వస్తువు మా ఇంట్లో అదే. దాచక ఏం చేయను? సీలు బిగిస్తే దుంగ ముక్కలవుతుంది. దుంగ లేకపోతే వీళ్లెక్కడ కూర్చుంటారు?

నిన్న గోపినాథ్ భార్య రాజకుమారి మొగుణ్ణి లాక్కుపోవడానికి వచ్చింది. "ఏటన్నయ్యా ఇది? నలభై రోజులనించీ ఒక్క మిషనికి ముగ్గురు డాట్రలా? హటో! సబ్బేదీ, నేన్సూస్తాను!" అంటూ తిన్నగా వంటింట్లోకి వెళ్లింది.

సబ్బుపొడి డబ్బా అక్కడే ఉంది.

మా ఆవిడ దేముడమ్మ పోయి మూడేళ్లు. అప్పుడు ఈ ముగ్గురూ పదకొండో రోజు భోజనం దాకా వచ్చారు. చేపల పులుసు లేదని సణిగారు కూడా. పన్నెండో రోజు నుంచి నా గుమ్మం తొక్కినవాడు లేడు. మనిషి పోతే పదకొండు రోజులు. రబ్బరు రింగు పోతే నలభై! ఏది నయమో మీరే చెప్పండి.

రాజకుమారి బయటికొచ్చింది. ఒక చేతిలో సబ్బునీళ్ల చెంబు. రెండో చెయ్యి గుప్పిట మూసి ఉంది. నన్ను చూసింది. దుంగ మీద ముగ్గుర్నీ చూసింది. దగ్గరికొచ్చి ఎవరికీ కనబడకుండా గుప్పిట్లోని సీలు నా చేతిలో వదిలింది.

"ఈ షిప్‌కి కూడా రానేదా, అన్నయ్యా?" అంది గట్టిగా.

"రానేదమ్మా."

సబ్బునీళ్లు పనస మొదట్లో పారబోసి, "జరగండి" అని మొగుడి పక్కన దుంగ మీద కూర్చుంది. "టీ అయినా వచ్చిందా?"

ఆవిడ కూడా పన్నెండో రోజు రాలేదు. క్షమించానని అనుకోకండి.

టీ ఇచ్చాను. చక్కెర తగ్గించి.