ప్రొఫెసర్ గారి అజ్ఞాత మహాకవి

“వంటింట్లో కూడా అర్థమయ్యేది కవిత్వం కానే కాదు!”

హోల్జ్‌బాఖ్ ఊరి సాహిత్య సంఘాధ్యక్షులు ప్రొఫెసర్ ఐజెన్‌లోర్ ఈ మహావాక్యం సెలవిచ్చి, గెర్లిండ హుప్పర్ట్ విన్నపాన్ని ఈ ఏడూ కొట్టేశారు. ఆవిడ అడిగింది ఒక్కటే: సంఘం హాలులో తన కవితలు చదువుకోనివ్వమని. ఊళ్లో పెళ్ళికీ, పుట్టినరోజుకీ, ఆఖరికి పత్రికలో వేసే చావు ప్రకటనకీ గెర్లిండ పద్యం ఉండి తీరాల్సిందే. అదే ఆవిడ చేసిన నేరం! డెబ్బై దాటినా, ఒక్కసారి ఆ వేదిక ఎక్కి సొంత పేరుతో చదవాలన్న కోరిక మాత్రం చావలేదు పాపం.

వారం తిరక్కుండానే ప్రొఫెసర్ గారి తల్లి వాల్‌బుర్గ కన్నుమూసింది. ఆయన గెర్లిండ ఇంటికి పెరటి గుమ్మంలోంచి వచ్చారు.

“అమ్మ కోసం నాలుగు లైన్లు కావాలండీ. మీ పేరు మాత్రం... మరి సంఘం పరువు ఉంది కదా!”

“పేరు సంగతి తర్వాత. మీ అమ్మగారి గురించి చెప్పండి.”

ఆయన చెప్పబోయి బావురుమన్నారు. “మంచులో సైకిలు తొక్కి, ఇంటింటికీ రొట్టెలు వేసి నన్ను చదివించిందండీ!”

గెర్లిండకు నిజంగానే జాలేసింది. రాసిచ్చింది.

సమాధి దగ్గర ప్రొఫెసర్ గారు గొంతు సవరించుకుని చదివారు:

మంచు దారిలో నీ సైకిలు గంట మోగేది,
మా వీధికి అప్పుడే తెల్లవారేది.
ఈ పొద్దూ ఎప్పటిలాగే తెల్లవారింది,
గంట ఏదమ్మా, ఎక్కడ ఆగింది?

శవపేటిక మోసినవాళ్ళతో సహా అందరూ ఏడ్చారు. ఆ తర్వాత భోజనశాలలో కాఫీ తాగుతూ పాస్టరు గారు ఉండబట్టలేక అడిగారు. “ఎవరు రాశారండీ, ఇంత బాగా?”

గెర్లిండ చేతిలో చెంచా ఆగిపోయింది.

“మూడువందల ఏళ్ళ కిందటి అజ్ఞాత మహాకవి!” అన్నారు ప్రొఫెసర్ గారు.

“అప్పటికి సైకిళ్ళు లేవు కదండీ?”

ఆయన రెప్ప వేయలేదు. “అందుకే కదా మహాకవి అన్నాను! ముందే చూశాడు!”

సంఘ సభ్యులు ఔరా అంటూ తలలూపారు. ఆ మహాద్రష్ట గౌరవార్థం బుధవారం హాలులో సభ జరపాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించారు! ప్రొఫెసర్ గారు చిరునవ్వుతో గెర్లిండ వైపు తిరిగారు.

“హుప్పర్ట్ గారూ, శుభవార్త! మిమ్మల్నీ హాలుకి పిలుస్తున్నాం. సభకి ఓ రెండు ఆపిల్ కేకులు చేసి పట్రండి.”

గెర్లిండ కోటు తొడుక్కుంది. భోజనశాల అంతా వినేలా చెప్పింది.

“మూడువందల ఏళ్ళ ముందే మీ అమ్మగారి సైకిలు చూసినవాడు, బుధవారం నేను కేకు చెయ్యనని కూడా చూసే ఉంటాడు. కేకులు ఆయన్నే తెచ్చుకోమనండి!”