పనికిరాని సీసాలు కావలెను

మా జిల్లాను చెత్త నుంచీ, మా పిల్లలను అజ్ఞానం నుంచీ ఒకే వారంలో విముక్తి చేయనున్నట్టు జిల్లా అధిపతి, అంటే మా అకీమ్, తాలాంత్‌బెక్ గారు ప్రకటించారు. కిండర్‌గార్టెన్ తలుపుకు అంటించిన కాగితం ప్రకారం, ప్రతి బిడ్డా ఇంట్లో పనికిరాకుండా పడున్న ప్లాస్టిక్ సీసాలు ఐదు తేవాలి. వాటిని కోసి తొట్లు చేసి, విత్తనాలు నాటాలి. శుక్రవారం అకీమ్ గారే స్వయంగా వచ్చి చూస్తారు. సీసాలు తేని పిల్లల సీటు, వరసలో కాచుకున్న అరవైమందిలో ముందున్నవాళ్ళకు పోతుంది.

ఎంత దూరదృష్టి! నేను మాత్రం ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాను. మా నాలుగేళ్ళ సెజిమ్‌కు ఆ సీటు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. అది పోతే నేను కుట్టు కార్ఖానా పని మానుకోవాల్సిందే.

చిక్కేమిటంటే, మా ఊళ్ళో పనికిరాని సీసా అనేది లేదు. సోడాతో వచ్చిన సీసా ఆ తర్వాత పాలు మోస్తుంది, వయసు మీరాక కిరోసిన్ మోస్తుంది. మా అత్తగారు బురుల్, గుర్రం పాలు పులియబెట్టి కుమిస్ చేసి, రోడ్డు పక్కన అమ్ముతారు. ఆవిడకు పదకొండు సీసాలున్నాయి. ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలరు.

"అత్తయ్యా, ఓ ఐదిస్తారా?"

"ఎందుకే?"

"కోసి మన్ను పోయడానికి."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు కోడలిగా రాకముందు నుంచీ ఉన్నాయే ఇవి. ఒక్కటీ కారలేదు. నువ్వే, ఓ మాటంటే చాలు, కళ్ళమ్మట నీళ్ళు కారుస్తావు."

సెజిమ్ అప్పటికే ఖాళీ చేపల డబ్బాలో చిక్కుడు గింజ పాతేసింది. మొలక కూడా వచ్చింది. దాన్ని పట్టుకెళ్ళి డైరెక్టర్ జుమాగుల్ అక్కకు చూపించాను.

"ఇది రేకు కదమ్మా."

"ఇదీ చెత్తేగా అక్కా. మొలిచింది కూడానూ!"

"కాగితంలో సీసా అని ఉంది. మొలవడం గురించి ఏమీ లేదు."

మమ్మల్ని ఆదుకున్నది దుకాణదారు. రాజధాని బిష్కెక్ నుంచి లారీ నిండా నిమ్మసోడా తెప్పించాడు. మా ఊరికి చెత్త లారీలో రావడం అదే మొదలు. తల్లులందరం ఎగబడి కొని, సోడా బకెట్లలో ఒంపేసి, సీసాలను పనికిరానివిగా చేశాం. రెండు రోజులు ఊళ్ళో దూడలు సైతం సోడా తాగాయి.

"శభాష్!" అన్నారు మా అత్తగారు. "చెత్త కొనుక్కునేటంత వాళ్ళమయ్యాం."

కత్తెర ప్రమాదం కనుక పిల్లలు ముట్టుకోకూడదంది జుమాగుల్ అక్క. రంగు బట్టలకు అంటుతుంది, మన్నేమో మురికి. అంచేత సీసాలు మేమే కోశాం, రంగులు మేమే పూశాం, విత్తనాలూ మేమే నాటాం. పిల్లలు చేతులు కట్టుకుని కూర్చుని నేర్చుకున్నారు. శుక్రవారానికి ఒక్కటీ మొలవకపోతే, బజారులో ఉల్లికాడలు తెచ్చి గుచ్చాం.

అకీమ్ గారు వచ్చారు. సెజిమ్ గడ్డం పట్టుకుని, "నువ్వేం నాటావే బంగారం?" అన్నారు.

"నేను ముట్టుకోలేదు తాతయ్యా. ముట్టుకుంటే కొడతారు."

"చూశారా క్రమశిక్షణ!" అన్నారాయన విలేకరులతో. ఆయన కళ్ళు చెమర్చాయి. జిల్లాలో ఒక్క వారంలో మూడు వేల పనికిరాని సీసాలు బయటపడ్డాయంటే సమస్య ఎంత తీవ్రమైనదో ఆలోచించమన్నారు. తొట్లన్నిటినీ శాశ్వత ప్రదర్శనగా కాపాడాలని ఆదేశించి, టీ తాగి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున సెజిమ్‌ను తీసుకెళ్తే, జుమాగుల్ అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"పిల్లని లోపలికి పంపకమ్మా. బల్లల మీదా, మధ్యాహ్నం పడుకునే మంచాల మీదా తొట్లే ఉన్నాయి. పిల్లలొస్తే పడేస్తారు."

"సీటు పోయిందా అక్కా?"

"ఛ ఛ! సీటెక్కడికి పోతుంది? నీ కూతురి పేరు రాసిన తొట్లున్నాయిగా. ఇకనుంచి హాజరు వాటికే. రోజూ ఎనిమిదింటికి వచ్చి నీళ్ళు పోసి పో. ఎండాయో, సీటు పోతుంది."

హమ్మయ్య అనుకున్నాను. సెజిమ్‌ను బయట నిలబెట్టి, లోపలికెళ్ళి నీళ్ళు పోశాను. జుమాగుల్ అక్క రిజిస్టర్ తెరిచి, వాడిపోయిన ఉల్లికాడల వైపు చూస్తూ, "సెజిమ్!" అని పిలిచింది.

"ఉన్నానక్కా!" కిటికీ అవతల నుంచి మా పిల్ల అరిచింది.

అక్క నొసలు చిట్లించింది. "ఎవరమ్మా బయట? హాజరు వేసేటప్పుడు గోల చెయ్యొద్దని చెప్పు."