పిచ్చిగాలి, మోడుచిగురు జోడీ

ఒక పెద్ద అడవిలో నీళ్ళు తక్కువ, సంఘాలు ఎక్కువ. ఎండాకాలం ముదిరేసరికి వాగు ఎండిపోయి, అడవి మొత్తానికీ ఒక్క మడుగే మిగిలేది. ముందు తాగినవాళ్ళకి నీళ్ళు, తర్వాత వచ్చినవాళ్ళకి బురద. మరి ముందు ఎవరు తాగాలి? ఇంకో అడవిలోనైతే దాహం ఎక్కువైనవాళ్ళు తాగుతారు. మనవాళ్ళు అంత అనాగరికులా? ఆట పెట్టుకున్నారు.

దాని పేరు ఆకులాట. ఎండిన మోదుగాకుల మీద బొమ్మ గీసి, ఆ ఆకు ఏం చేస్తుందో కింద రెండు ముక్కలు రాసేవారు. ఒక్కో జాతి తరఫున ఒకరు తమ ఆకుల కట్ట పట్టుకుని, ఇద్దరిద్దరుగా నల్లబండ దగ్గర ఎదురెదురు కూర్చునేవారు. బండ మీద ఆకు దించితే, అది చెప్పినట్టు చింతగింజలు వస్తాయి, పోతాయి. చివరాటలో ఇద్దరి వంతులూ పూర్తయ్యాక ఎవరి దగ్గర గింజలు ఎక్కువుంటే వాళ్ళ జాతి ఆ వేసవంతా మడుగులో ముందు తాగుతుంది. ఆట తేలేదాకా ఎవరూ మడుగు దగ్గరికి పోకూడదు. ఆడేవాళ్ళు మధ్యలో లేస్తే ఓడినట్టే. చిన్నపిల్లలకి కూడా అర్థమయ్యే ఆట కదా, అందుకని దాన్ని అర్థం చేసుకోవడానికి ఒక తీర్పుల సంఘం వేశారు.

సంఘానికి అధ్యక్షుడు గుడ్లగూబ దివాకరం గారు. ఆయనకి పగలు కళ్ళు కనబడవు, ఆటలన్నీ పగలే జరుగుతాయి. ఎవరి మొహమూ చూడకుండా తీర్పు చెబుతాడని ఆయన్ని ఏరికోరి కూర్చోబెట్టారు. తాబేలు స్థిమితయ్య ఒక సభ్యుడు. ఏది అడిగినా "తొందరేముంది" అనడం ఆయన ఉద్యోగం. ఇంకో సభ్యుడు ఎలుగుబంటి జుంటన్న. ఈయనకి తేనెకన్నా ఆకుల జోడీలంటే పిచ్చి. ఏ ఆకు పక్కన ఏ ఆకు పడితే ఏ వింత జరుగుతుందో చెప్పమంటే తిండి మానేసి కూర్చుంటాడు. ఎవరు గెలిచారన్నది మాత్రం ఆయనకి అక్కర్లేదు.

కొత్త ఆకు ఏదొచ్చినా ఈ ముగ్గురూ పరీక్షించాకే ఆటలోకి వదిలేవారు. పరీక్షంటే ఏమీలేదు, ఆకుని ఒంటరిగా బండ మీద పెట్టి కాసేపు చూడటం. ఒంటరి ఆకు పాపం ఏ గొడవా చెయ్యదు కాబట్టి అన్నీ పాసైపోయేవి. రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. తోచినా, అది తమ పని కాదనేవారు.

అలా పాసైన వాటిలో రెండు పనికిమాలిన ఆకులు ఉండేవి. ఒకటి పిచ్చిగాలి. అది బండ మీదికి వచ్చినప్పుడల్లా మీకో గింజ వస్తుంది, వెంటనే ఆ ఆకే రాలిపోతుంది. ఒక్క గింజ కోసం చేతిలో ఆకు ఎవడు పోగొట్టుకుంటాడు? రెండోది మోడుచిగురు. మీ ఆకు ఏది రాలినా మళ్ళీ దాన్ని తెచ్చి బండ మీద పెట్టాలి. అసలు ఆకు రాలితే కదా తేవడానికి. కుందేళ్ళు ఈ రెండింటినీ బొరియల్లో పిల్లల కింద పరిచేవి.

ఓ రోజు నక్క ధర్మలింగం ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాడు.

పిచ్చిగాలి వస్తుంది, గింజ ఇస్తుంది, తనే రాలిపోతుంది. మోడుచిగురు దాన్ని తెచ్చి మళ్ళీ పెడుతుంది. మళ్ళీ వస్తుంది, మళ్ళీ గింజ, మళ్ళీ రాలడం, మళ్ళీ తేవడం. దీనికి అంతం లేదు. అంతం లేనప్పుడు తన వంతు అవ్వదు. తన వంతు అవ్వకపోతే ఎదుటివాడికి వంతు రాదు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ధర్మలింగానికి దాహం లేదు. వాళ్ళ గుహ వెనక రాతి సందులో ఎప్పుడూ ఓ ఊట కారుతూనే ఉంటుంది. అతనికి కావలసింది ముందు వంతు. అది చేతిలో ఉంటే అడవంతా గుమ్మం ముందు నిలబడి "కాస్త మమ్మల్ని కూడా చూడండి" అంటుంది. అలా అడిగించుకోవడమంటే అతనికి ప్రాణం.

ఆ ఏడు చివరాటకి నక్క ఎదురుగా కూర్చున్నది దుప్పి పొడలమ్మ. వేళ కాని వేళలో ఈనింది. పిల్లకి పాలు కావాలంటే తల్లికి నీళ్ళు కావాలి, తల్లికి నీళ్ళు దొరికి చాలా సేపయింది. పిల్ల రేలచెట్టు నీడలో పడుకుని ఉంది, దాని ముక్కు మీద తడి ఆరిపోయింది. పొడలమ్మ చూపు ఆకుల మీద కొంత, పిల్ల మీద కొంత. అయినా ఆటలో తక్కువది కాదు. ఆమె కట్టలో తేనెటీగల దండు అనే ఆకు ఉంది. అది దించితే ఎదుటివాడి గింజలన్నీ లేచిపోతాయి. ఆమె వంతు రావడమే ఆలస్యం.

ముందు వంతు నక్కది. మోడుచిగురు దించాడు. చూసేవాళ్ళు నవ్వారు. పిచ్చిగాలి దించాడు. ఇంకా నవ్వారు. పిచ్చిగాలిని కింద పడేశాడు, గింజ తీసుకున్నాడు, పైకి తెచ్చాడు, పడేశాడు, గింజ తీసుకున్నాడు, పైకి తెచ్చాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. గింజలందించే ఉడతకి మూతి నొప్పెట్టింది.

"అన్నా, ఇంకా ఎంతసేపు?" అంది పొడలమ్మ.

"నా వంతు ఇంకా అవలేదు చెల్లెమ్మా," అన్నాడు ధర్మలింగం, ఆకు పైకి తెస్తూ.

పొడలమ్మ సంఘాన్ని పిలిచింది.

"ఏం జరుగుతోంది? నాకు టపటపమని చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు," అన్నారు దివాకరం గారు.

జుంటన్న అప్పటికే బండ మీదికి వంగిపోయి ఉన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "అయ్యా, ఇన్నేళ్ళ నా సర్వీసులో ఇలాంటి జోడీ చూడలేదు. రెండూ చెత్తాకులే. పిల్లల కింద పరుచుకునేవి. కలిపితే చూడండి, ఎంత ముచ్చటగా తిరుగుతున్నాయో."

"తిరిగితే తిరగనివ్వండి బాబూ," అంది పొడలమ్మ. "ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తిప్పుకోమనండి, నాకేం బాధ లేదు. ఎక్కడో ఓ చోట ఆపి నా వంతు నాకు ఇమ్మనండి. నా పిల్ల గొంతు ఎండిపోతోంది."

"పిల్ల ఆటలో భాగమా?" అని అడిగారు దివాకరం గారు.

"కాదండీ," అన్నాడు స్థిమితయ్య.

"అయితే పిల్ల సంగతి తర్వాత. ధర్మలింగం, ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. నీ ఇష్టంతో తిప్పుతున్నావు కదా, నీ ఇష్టంతోనే ఓ చోట ఆపాలి."

ధర్మలింగం ముందుకాళ్ళు రెండూ జోడించాడు. చాలా నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

"నా ఇష్టమా అయ్యా? ఎంతమాట. ఆకు మీద ఏముందో చూడండి. రాలిన ఆకుని తెచ్చి పెట్టాలి అనుంది. కావాలంటే పెట్టుకోండి అని లేదు. నాకు మాత్రం ఆపాలని ఉండదా? చెల్లెమ్మ కష్టం చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. ఏం చెయ్యను, నా చేతులు కట్టేసి ఉన్నాయి. ఈ వంతు అవ్వదు, ఆమె వంతు రాదు. కాబట్టి నన్ను ఇప్పుడే గెలిపించేస్తే అందరికీ శ్రమ తగ్గుతుంది."

సంఘం రేలచెట్టు అవతలికి వెళ్ళి చర్చించింది. ఎంతసేపు చర్చించిందంటే, చెట్టు నీడ పిల్ల మీంచి జరిగిపోయింది. పొడలమ్మ లేచి పిల్లని మళ్ళీ నీడలోకి తోసి వద్దామనుకుంది. లేస్తే ఓడినట్టే. మెడ చాచి పిలిచింది. పిల్ల లేవలేదు.

దివాకరం గారు తీర్పు చెప్పారు. "ఆపే అధికారం ధర్మలింగానికి లేదు. ఆకు చెప్పినంతసేపూ అతను తిప్పవలసిందే. ఇక గెలుపు అంటారా, ఇద్దరి వంతులూ పూర్తయ్యాకే ప్రకటించాలి. అంతవరకూ అందరూ కూర్చోండి."

"అంటే ఎప్పటికీ పూర్తవదుగా," అంది పొడలమ్మ.

"తొందరేముంది?" అన్నాడు స్థిమితయ్య.

ధర్మలింగం లోలోపల నవ్వుకున్నాడు. దాహం లేనివాడు ఎంతసేపైనా కూర్చుంటాడు. పిల్లతల్లి ఎంతసేపు కూర్చుంటుంది? ఆమె లేచిన క్షణాన ఆట తనది. హాయిగా ఆకు పడేశాడు, గింజ తీసుకున్నాడు, పైకి తెచ్చాడు.

ఎండ నడినెత్తికొచ్చింది. చింతగింజలు అయిపోయాయి. గింజల బదులు గులకరాళ్ళు చెల్లుతాయా అని ఇంకో చర్చ నడిచింది. చెల్లుతాయని తేల్చి, రాళ్ళ సైజు మీద మరో చర్చ పెట్టుకున్నారు. జుంటన్న మాత్రం చూడవచ్చిన పిల్ల ఎలుగుల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఈ జోడీలోకి మూడో ఆకు దూరితే ఏమవుతుందో పాఠం చెబుతున్నాడు. మడుగు అవతల మెరుస్తూనే ఉంది, ఒక్కరూ అటు అడుగు వెయ్యలేదు. వేస్తే నియమం తప్పినట్టు కదా.

అప్పుడు ఏనుగులు వచ్చాయి.

ఈ ఏనుగులు మన అడవివి కావు. ఎటునుంచో ఎటో పోతూ వాసన పట్టి వచ్చాయి. వాటికి ఆకు అంటే నమిలేది. నల్లబండ వైపు కన్నెత్తైనా చూడకుండా తిన్నగా మడుగులోకి దిగాయి.

"అయ్యా, ఎవరో తాగేస్తున్నారు," అని కుందేళ్ళు గోల పెట్టాయి.

"వాళ్ళు ఏ జాతి తరఫున ఆడారు?" అన్నారు దివాకరం గారు.

"అసలు ఆడనేలేదండీ."

"ఆడనివాళ్ళకి మన నియమాలు వర్తించవు. కాబట్టి వాళ్ళు నియమం తప్పినట్టు కాదు. కూర్చోండి."

ఏనుగులు మడుగుని ఖాళీ చేశాయి. అంత ఒళ్ళున్న వాటికి ఆ కాస్త నీళ్ళు ఏ మూలకి? మందలో ముసలిది ఎండిన వాగులోకి నడిచి, తొండంతో ఇసుక వాసన చూసి, ఓ చోట కాలితో తవ్వడం మొదలుపెట్టింది. ఇసుక ముందు నల్లబడింది, తర్వాత మెత్తబడింది. తర్వాత గుంటలో అడుగున నీళ్ళు ఊరాయి.

పొడలమ్మ అది చూసింది. చూసి లేచి నిలబడింది.

"లేస్తే ఓడిపోయినట్టే, తెలుసుగా," అన్నాడు స్థిమితయ్య. జీవితంలో మొదటిసారి ఆయన తొందరపడ్డాడు.

"ఓడిపోయాననే రాసుకోండి."

"మీ జాతి మొత్తానికి ఈ వేసవిలో ముందు వంతు పోతుంది."

"ఏ నీళ్ళకి బాబూ ఆ వంతు?" అంది పొడలమ్మ. "పొద్దున్నుంచి మీ ఎదుటే నా పిల్ల వాడిపోతోంది. ముగ్గురు పెద్దలు ఉన్నారు, ఒక్కరు అటు తిరిగి చూశారా? ఆకులు ఎంత బాగా తిరుగుతున్నాయో చూసుకుంటూ కూర్చున్నారు. నేను కూడా అలాగే కూర్చున్నాను, అందుకు సిగ్గుగా ఉంది నాకు."

ఆమె పిల్లని మూతితో లేపి నిలబెట్టి, అడుగడుక్కీ ఆనుకుంటూ వాగు దాకా నడిపించింది. ఏనుగులు పక్కకి జరిగాయి. తల్లి వంగి తాగింది. తాగి, తాగి, అక్కడే కూలబడింది. కాసేపటికి పిల్ల పొదుగు వెతుక్కుంది.

అది చూసి కుందేళ్ళు కదిలాయి. తర్వాత అడవిపందులు, నెమళ్ళు. జుంటన్న చుట్టూ ఉన్న పిల్ల ఎలుగులు కూడా పాఠం మధ్యలో జారుకున్నాయి. ఉడత గులకరాళ్ళ సంచి అక్కడే పడేసి పోయింది.

నల్లబండ దగ్గర నలుగురే మిగిలారు.

"ఆమె వెళ్ళిపోయింది," అన్నాడు ధర్మలింగం, మొహం విప్పారుతుండగా. "ఇంక ప్రకటించండి అయ్యా."

"ఆమె వెళ్ళిపోయింది కాబట్టి ఆమె వంతు అయిపోయినట్టే," అన్నారు దివాకరం గారు. "మరి నీ వంతు అయిందా?"

ధర్మలింగం చెయ్యి గాల్లో ఆగింది.

"ఆపకు, తిప్పు," అన్నాడు జుంటన్న.

"అయ్యా, చాలండి. ఇక్కడితో ఆపేస్తాను. పొద్దుటినుంచి తిప్పి తిప్పి చెయ్యి వాచిపోయింది, నాలుక పిడచకట్టుకుపోయింది. గెలిచేశాను కదా."

"గెలుస్తున్నావు," అని సవరించారు దివాకరం గారు. "ఆపే అధికారం నీకు లేదని వాదించింది నువ్వే. బ్రహ్మాండంగా వాదించావు, మేమందరం ఒప్పుకున్నాం. ఇప్పుడు కాదంటే తీర్పుకి విలువేం ఉంటుంది?"

"పోనీ లేచిపోతాను."

"లేస్తే ఓడినట్టే. నిక్షేపంగా లెయ్యి, ఇద్దరూ ఓడిపోయినట్టు రాసుకుంటాం."

ధర్మలింగం లేవబోయి కింద చూశాడు. గింజల గుట్ట, దాని పక్కన రాళ్ళ గుట్ట. అడవి పుట్టినప్పటినుంచీ ఎవరికీ రానంత గెలుపు అది. దాన్ని వదిలేసి, ఆ దుప్పితో పాటు ఓడిపోయి, అందరి ముందునుంచీ ఇంటి ఊట దాకా నడిచిపోవడమా? కూర్చున్నాడు. ఆకు పైకి తెచ్చాడు.

సంఘం వెళ్ళిపోవచ్చు కదా అంటారా? వంతు తేలకుండా సంఘం ఇంటికి పోకూడదని వాళ్ళే పెట్టుకున్న నియమం ఉంది. సాయంత్రం స్థిమితయ్య ఒక తీర్మానం ప్రతిపాదించాడు. మడుగులో నీళ్ళు లేకపోయినా ముందుగా తాగే హక్కు చెక్కుచెదరకుండా అలాగే ఉంటుందని. ఏకగ్రీవంగా ఆమోదించారు. నక్క కూడా చెయ్యెత్తబోయాడు, చెయ్యి ఖాళీ లేదు.

వాగులో పిల్ల దుప్పి కడుపునిండా తాగి తల్లి చుట్టూ గెంతుతోంది. ఆ ఆట ఏమిటో, దానికి నియమాలేమిటో సంఘానికి అంతుపట్టలేదు.

నీతి: ఎప్పటికీ ఓడిపోని ఎత్తు కనిపెట్టినవాడు ఎదురుపడితే వాడితో వాదించకండి, మర్యాదగా ఓడిపోయి వెళ్ళి నీళ్ళు తాగండి.