ఓడ నోరు మూసుకున్న పూట

ఆ రోజు పొద్దుటికి వేసుకున్న పథకం చాలా చిన్నది. రేవులో ఆగి ఉన్న సరుకు ఓడకు గట్టు మీది నుంచి కరెంటు ఇవ్వాలి. ఓడ తన ఇంజిన్ ఆపుకోవాలి. అంతే. ఓడ ఆగినా దాని పొగ ఆగదు మరి. లోపలి దీపాలకీ, పంపులకీ, వంటగదికీ పగలూ రాత్రీ డీజిల్ తగలేస్తూనే ఉంటుంది. ఆ మసంతా రేవు గోడవతలి జనం మింగాలి. దీనికి మందు ఒక లావుపాటి కేబుల్. అది ఎప్పుడో వచ్చి గట్టు మీద పడి ఉంది. మీట నొక్కి ప్రారంభించడానికి రేవు ఛైర్మన్‌గారికి తీరిక దొరకాలిగా! అది దొరికేదాకా జనం దగ్గుతూ కూర్చున్నారు.

ఆ గోడవతలే రేవు ఇంజినీరు అక్కగారి లాండ్రీ. ఆసుపత్రి దుప్పట్లు ఉతికిస్తుంది. పోయిన వారం వాటి మీద నల్లచుక్కలు చూసి అక్కడి పెద్ద నర్సు మొహం మీదే చెప్పేసింది: "ఇంకొక్కసారి ఇలా వస్తే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటాం."

"ఇవాళ ధైర్యంగా ఆరుబయట ఆరేసుకో అక్కా," అన్నాడు ఇంజినీరు టీ తాగుతూ. "ఓడ నుంచి నలుసు కూడా రాదు."

"నీ మాట నమ్మి ఆరేస్తున్నాన్రా. తేడా వచ్చిందో, నిన్ను కూడా సబ్బునీళ్ళలో ముంచుతా."

ఛైర్మన్‌గారు రాలేదు. ఫోన్ చేస్తే బయల్దేరారన్నారు. అంటే ఇంకా నిద్ర లేవలేదని అర్థం. ఈలోగా అక్క ఫోను.

"ఏరా, గాలి ఇటు తిరిగింది! ఓడ ఇంకా కక్కుతూనే ఉందేంటి? దుప్పట్లన్నీ బయటే ఉన్నాయి!"

ఇంజినీరుకు తిక్కరేగింది. పొగ ఆపడానికి పెద్దమనిషి చెయ్యే కావాలా? తన చేతికేం రోగం? కెప్టెన్‌కు కబురు పెట్టాడు, కేబుల్ తగిలించాడు, మీట నొక్కాడు. ఓడ ఇంజిన్ ఆగింది. పొగ సన్నబడి మాయమైంది.

అక్కడే కొంప మునిగింది. ఆ ఇంజిన్ రొదలోనే రేవు మనుషుల బతుకంతా గడిచింది. అది ఉన్నంతసేపూ ఎవరికీ వినపడదు. ఆగగానే అందరి చెవుల్లోనూ పిడుగు పడ్డట్టయింది. క్రేన్ మీది మనిషి గొంతు చించుకున్నాడు: "ఓడ చచ్చిపోయిందిరోయ్!"

భద్రతాధికారి సైరన్ మోగించాడు. ఓడల్ని లాగే టగ్గు బోట్లు రెండు చెరోవైపు నుంచీ నల్లపొగ చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనక గట్టు మీద ఫైరింజన్లు. ఓడలోవాళ్ళు చీకట్లో ఉన్నారని ఎవడో దయామయుడు జనరేటరు లారీని కూడా తోలుకొచ్చాడు.

"ఏం కాలేదు మహాప్రభో!" ఇంజినీరు అడ్డంగా పరుగెత్తాడు. "ఇంజిన్ నేనే ఆపించాను!"

"నువ్వే ఆపించావా?" భద్రతాధికారి కళ్ళెర్రజేశాడు. "పట్టుకోండయ్యా వీణ్ణి!"

చెప్పగలిగిన ఒక్కడినీ ఇద్దరు కాపలావాళ్ళు రెక్కలు విరిచి పట్టుకున్నారు. కెప్టెన్ పైకొచ్చి, పొండి పొండి అని రెండు చేతులూ ఊపాడు. పాపం, సాయం అడుగుతున్నాడనుకుని మూడో టగ్గును పంపారు. ఇంజిన్లన్నీ కలిసి కక్కిన మసి మబ్బులా లేచి, గాలివాటున తిన్నగా గోడ దాటింది.

ఛైర్మన్‌గారి కారూ, దుప్పటి భుజాన వేసుకున్న అక్కా ఒకేసారి వచ్చారు. దుప్పటి చూస్తే బొగ్గుల కొట్లో పరిచినట్టుంది.

"ఎవడర్రా ఇక్కడ పెద్ద?" అంది అక్క. "ఓడ చచ్చిందా? మీ మొహం! అదిగో, దీపాలు వెలుగుతున్నాయి. వంటవాడు ఏదో వేయిస్తుంటే ఘుమఘుమలు గేటు దాకా వస్తున్నాయి. చచ్చినవాళ్ళు వంట చేసుకుంటారా? పొగంతా మీ బళ్ళదే!"

అందరూ తలెత్తి చూశారు. దీపాలు నిజంగానే వెలుగుతున్నాయి. కాపలావాళ్ళు ఇంజినీరును మెల్లగా వదిలేశారు.

"అంటే ఇంజిన్ లేకుండానే అన్నీ నడుస్తున్నాయా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"తమరు ప్రారంభించడానికి వచ్చింది దాన్నే సార్," అన్నాడు ఇంజినీరు, భుజం నిమురుకుంటూ.

ఛైర్మన్‌గారు తల పంకించారు. "అద్భుతం. ఓడలు ఆగే చోటల్లా ఈ కేబుల్ వేయించండి. కాకపోతే ఇలా చప్పుడు లేకపోతే జనం హడలిపోతారయ్యా. కేబుల్ ఉండనివ్వండి. దాంతోపాటు ఇంజినూ నడపమనండి."

చప్పట్లు మోగాయి. ఓడ ఒకసారి దగ్గి, మళ్ళీ పొగ అందుకుంది. రేవంతా హాయిగా ఊపిరి పీల్చుకుని దగ్గింది.

అక్క తమ్ముడి వంక కూడా చూడలేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, దుప్పట్లు వేరేవాళ్ళకే ఇచ్చుకోమంది. తర్వాత తిన్నగా ఫైరింజన్ డ్రైవరు దగ్గరికి నడిచింది.

"మీ యూనిఫారాలన్నీ ముదురు రంగువేగా బాబూ? ఉతకడానికి ఎవరికిస్తారు?"