గంగవాడ స్టేడియంలో పడుగు పోటీ

ఒక వాడను సర్కారు పట్టించుకోకపోవడం ఎంత పెద్ద ఉపకారమో, పట్టించుకోవడం మొదలుపెట్టాక గానీ తెలియదు. మా గంగవాడకు ఆ జ్ఞానం ఎనభై మూడో సంవత్సరంలో కలిగింది.

గంగవాడ అంటే మంథని అవతల, గోదావరి ఒడ్డున, మా ఊరికి అడుగున పడి ఉన్న నేతగాళ్ల వాడ. (గోదావరిని మావాళ్లు గంగ అనే అంటారు.) అక్కడికి నల్లా రాలేదు, కరెంటు రాలేదు, మురుగు పోయే మోరీ రాలేదు. వరద మాత్రం ఎవరూ మంజూరు చేయకుండానే ఏటా వచ్చేది. అధికారులు వరద తీశాక వచ్చి, నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గోడల మీద గీతలు గీసి, ఆ గీతల కింద ఎవరూ నివసించరాదని చెప్పి వెళ్లేవారు.

వాడకూ నదికీ మధ్య పొడవాటి బయలు ఉండేది. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, ముందుగా అక్కడ బారుగా చాపేవారు. ఎండ ముదరకముందే రెండు పక్కలా మనుషులు నిలబడి, గంజి పట్టించి, కుంచెలతో కలిసికట్టుగా దువ్వాలి. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఇవాళ నీ పడుగుకు నేను వస్తే రేపు నా పడుగుకు నువ్వు రావాలి. ఇందులో కూలి లేదు, రశీదు లేదు. అందుకని సర్కారు లెక్కల్లో ఆ బయలు నిరుపయోగమైన స్థలం.

అప్పుడు నదీతీర క్రీడాభ్యుదయ విభాగం అనేది పుట్టింది. దాని ప్రత్యేకాధికారి జగన్మోహన్‌రావు గారు జీపు దిగి, ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకొని వాడంతా చూసి, ఈ వెనుకబాటుకు కారణం స్టేడియం లేకపోవడమేనని తేల్చారు. (నల్లా అడిగిన ముసలమ్మకు పరుగుపందెం బాట నమూనా చూపించారు.) బయలు చుట్టూ గోడ లేచింది, ఇనుప గేటు వచ్చింది, గేటుకు తాళం పడింది. స్టేడియం మంజూరైంది గానీ అందులో ఆడాల్సిన ఆటలు ఇంకా మంజూరు కాలేదు.

పర్శరాములు ఆఫీసుకు వెళ్లాడు. వాడలో అందరికంటే సన్నటి పంచెలు నేసే మనిషి. మగ్గం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

“సారూ, మగ్గం ఉత్తగున్నది. పడుగు సాపుదమంటె జాగ లేదు. పొద్దుగాల జర గేటు తెరిపియ్యున్రి, ఎండెక్కకముందే ఎల్లిపోతం.”

“స్టేడియంలో ఆడవచ్చు, పని చేయరాదు” అన్నారు జగన్మోహన్‌రావు గారు.

పక్కనే ఉన్న గుమాస్తా లింగమూర్తి జాలిగుండె మనిషి. ఎవరికైనా సాయం చేయకుండా ఉండలేడు. అతని సాయం అందుకున్నవాళ్లు మళ్లీ కోలుకున్న దాఖలా మాత్రం లేదు.

“ఫికర్ జెయ్యకు పర్శరాములూ. పనంటెనే గద గేటు బందు? నీ పడుగును ఆట కింద రాయిద్దాం తీ” అన్నాడు.

పర్శరాములుకు ఇది న్యాయంగానే తోచింది. లింగమూర్తి రాసిన కాగితం మీద వేలిముద్ర వేశాడు.

గేటు తెరిచారు. వాడంతా సంబురంగా వచ్చి పడుగు చాపింది. ఈ పక్కన నిలబడ్డవాళ్లు ఒక జట్టు, ఆ పక్కన నిలబడ్డవాళ్లు ఇంకో జట్టు అని లింగమూర్తి ఈల ఊదాడు. ఎండ ఎక్కేలోపు పడుగు తళతళలాడింది. పర్శరాములు దాన్ని చుట్టుకొని ఇంటికి వెళ్లి, చాలా రోజుల తర్వాత మగ్గంలో కూర్చున్నాడు.

సాయంత్రానికి విచారణ మొదలైంది. రెండు జట్లూ ఒకదానికొకటి అడ్డు తగలకుండా ఆడడం వల్ల, ముందే కుమ్మక్కైనట్టు రుజువైందన్నారు. పైగా పర్శరాములు భార్య సత్తమ్మ అవతలి పక్కకు పోయి, తెగిన పోగును అతికి వచ్చింది. ఎదుటి జట్టుకు సాయం చేసినందుకు ఆమెను ఆట నుంచి తొలగించారు.

“తెగిన పోగు అతుకుతె తప్పా సారూ? పోగు ఎవలదైతేంది?” అని సత్తమ్మ అడిగింది.

“ప్రత్యర్థిది” అన్నారు జగన్మోహన్‌రావు గారు.

గెలుపోటములు లేనిది ఆట కాదు కనుక కొత్త నియమం వచ్చింది. ఇకపై పడుగును చెరో కొస పట్టుకొని లాగాలి.

“లాగితె తెగుతది సారూ” అన్నాడు పర్శరాములు.

“ఎవరి వైపు తెగితే వాళ్లు ఓడినట్టు” అన్నారు. నియమంలో అది అప్పటికే ఉంది.

పోటీ రోజున గంగవాడవాళ్లు పర్శరాములు కొత్త పడుగు రెండు కొసలూ పట్టుకొని నిలబడ్డారు గానీ ఒక్కరూ లాగలేదు. ఈల ఎన్నిసార్లు ఊదినా లాగలేదు. చివరికి ఆఫీసు సిబ్బంది ప్యాంట్లు పైకి మడుచుకొని బరిలోకి దిగి, ఒక కొస అందుకొని లాగారు. నేను గోడ పక్కనే ఉన్నాను. పడుగు గంగవాడవాళ్ల వైపు తెగినప్పుడు పెద్ద చప్పుడేమీ కాలేదు. సిబ్బంది గెలిచి కప్పు తీసుకున్నారు. క్రీడాస్ఫూర్తి కింద పర్శరాములుకు ఒక చిన్న కప్పు ఇచ్చారు.

“గిండ్ల గంజన్న కాగుతదా?” అంది సత్తమ్మ.

అది చూడడానికి మాత్రమేనని లింగమూర్తి నచ్చజెప్పాడు.

ఆట ఆఫీసర్లకు తెగ నచ్చింది. తాలూకాకో జట్టు తయారైంది. పక్క జిల్లా నుంచి ఆసిఫాబాద్ జట్టు కూడా బస్సు మీద బ్యానర్ కట్టుకొని వచ్చింది. తెంపడానికి విభాగమే నూలు కొనడం మొదలుపెట్టింది. (నేయడానికి అడిగితే చేనేత సంఘంలో నూలు లేదన్న కాలమది.) ఇంత ఆట జరుగుతుంటే జనం నిలబడి చూడడం బాగుండదని గ్యాలరీ మంజూరైంది. గ్యాలరీకి తగిన చోటు నేతగాళ్ల ఇళ్లున్న చోటేనని కొలతల్లో తేలింది.

వాళ్లకు పెద్దపల్లి రోడ్డు మీద గుట్ట పక్కన జాగాలు ఇచ్చారు. మా నేతగాళ్లవి గుంట మగ్గాలు. కాళ్లు కిందికి పెట్టి తొక్కడానికి నేలలో గుంట తవ్వాలి.

“గీడంత బండనే ఉన్నది. గుంటెట్ల తవ్వాలె సారూ?” అన్నాడు పర్శరాములు.

“ఇక్కడికి వరద రాదు” అన్నారు జగన్మోహన్‌రావు గారు, అతని భుజం తట్టి.

మొన్న జిల్లా స్థాయి ఫైనల్ జరిగింది. గ్యాలరీ ఖాళీగా ఉండరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వెంటనే గుట్ట కిందికి లారీ పంపి, పర్శరాములునూ సత్తమ్మనూ మిగతా వాడనూ తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టడానికి పనీపాటా లేని చేతులు ఊళ్లో ఇంకెవరికీ లేవు మరి.